ఆముదం తాగిన బ్రేకులు

కుదరబోయే పెళ్లి చెడగొట్టుకోవాలంటే మనిషికి దారులు బోలెడున్నాయి. తాగవచ్చు, పేకాడవచ్చు, కాబోయే మామగారి చేను గట్టు ఆయన వైపుకి కాస్త జరపవచ్చు. నేను వీటిలో ఒక్కటీ చెయ్యలేదు. సైకిలుకి బ్రేకులు మార్చాను, అంతే. దానితో మా మామ, ఆయన మర్యాద, ఆ ఏటి పత్తి పంట, నేను, నా పెళ్లి అన్నీ ఒకే చోట కుప్పకూలాయి. అప్పుడే నవ్వకండి. నవ్వవలసిన చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

ఆ రోజుల్లో నేను అరవదేశంలోని కోవిల్‌పట్టిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. గింజ తీసే మరలుండే మిల్లు అది. మా ఊరి నుంచి ఎద్దుబండిలో బయలుదేరితే మిల్లు చేరేసరికి పొద్దు నెత్తికెక్కేది, దొర నెత్తికెక్కేవాడు. అందుకని ఒక పాత సైకిలు కొన్నాను. నల్లరేగడి బాటల్లో ఆ సైకిలు మీద నేను పోతుంటే పత్తి తీసే ఆడవాళ్లు నడుములు ఎత్తి చూసేవారు. నా ఠీవి చూస్తున్నారనుకునేవాణ్ణి. వాళ్లు చూసింది నేను ఎక్కడ పడతానో అని తరవాత తెలిసింది.

దానిలో ఒకే ఒక్క లోపం. ఆగేది కాదు. బ్రేకు రబ్బర్లు అరిగి అరిగి చింతగింజంత మిగిలాయి. బ్రేకు పిడి నొక్కితే ఇనుము ఇనుముని పలకరించి ఊరుకునేది. నేను కుడికాలు నేలకి రాసి ఆపేవాణ్ణి. నా కుడి చెప్పు ఎప్పుడూ ఎడమ చెప్పుకి తమ్ముడిలా ఉండేది.

ఇక మా రామసామి మామ సంగతి. మా అమ్మకి అన్న. మీసం, తలపాగా, మాట, మూడూ బరువైనవే. ఆయన కూతురు గురువమ్మ. చిన్నప్పుడు చేలో పత్తి తీసేటప్పుడు నా ఒడిలోని పత్తి దొంగిలించి తన ఒడిలో వేసుకుని, "బావ ఒట్టి సోమరి" అని ఊరందరికీ చెప్పేది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నేను ఆనాడే నిశ్చయించుకున్నాను. నా బుద్ధి అప్పటికే అలా ఉండేది. నవ్వులాటకి చెప్పడం లేదు, గురువమ్మంటే నాకు ప్రాణం.

ఒక సంతరోజు కోవిల్‌పట్టి బజారులో మామ పెద్దమనుషులతో నిలబడి మాట్లాడుతున్నాడు. అక్కడి మా తెలుగువాళ్లలో పెద్దవాళ్లు ఎదురైతే బండి దిగాలి, చెప్పులు విడవాలి, భుజం మీది తుండుగుడ్డ తీసి నడుముకి చుట్టాలి, అప్పుడు దండం పెట్టాలి. నాకు అన్నీ తెలుసు. సైకిలుకే తెలియదు.

"మామా, దండం మామా!" అని కేకవేస్తూ ఆయన ముక్కు ముందునుంచి దూసుకుపోయాను.

తప్పు దిద్దుకుందామని వీధి చివర తిప్పి మళ్లీ వచ్చాను. ఈసారి కాలు రాశాను. చెప్పు ఊడింది, సైకిలు ఆగలేదు.

"మామా, దిగతాండా మామా!" అంటూ ఇటునుంచి అటు పోయాను.

నా చెప్పు మాత్రం ఆయన కాళ్ల దగ్గర వినయంగా ఆగింది.

ఆ సాయంత్రమే మామ మా ఇంటికి వచ్చాడు. నాతో కాదు, మా అవ్వతో మాట్లాడాడు. అవ్వ అంటే మా అమ్మకీ మామకీ కన్నతల్లి. అప్పట్లో మా ఇంట్లోనే ఉండేది.

"అమ్మా, నీ మనవడు బజారులో నా ముందర చెప్పిసిరి పోయినాడే!"

"ఇసరలేదురా, ఊడింది."

"నా ఎద్దుల్ని 'హో' అంటే నిలస్తాయి. వీని బండిని ఏమని పిలస్తే నిలస్తాదో అడుగు. మామ కనబడితే దిగనోనికి పిల్లనా? కారియాపట్టి సంబంధం వచ్చిండాది. ఆ పిల్లోడు బండి దిగి, తుండు నడుముకు కట్టి, ఎట్లా వంగినాడో తెలుసునా? మర్యాదంటే అది. పిల్ల ఆడికే."

తలుపు చాటునుంచి, "మామా, అది బ్రేకు..." అన్నాను.

"చూసినావా అమ్మా? తప్పు తనది, పేరు బండిది!"

అవ్వ నములుతున్న వక్కని బుగ్గన పెట్టుకుంది.

"ఇట్లా చేస్తామురా. శుక్రవారం పొద్దున వాడు ఆ సైకిల్లోనే నీ ఇంటికి వస్తాడు. నీ వాకిట్లో ముగ్గుండాది గదా? ముగ్గు తొక్కకుండా ముందరే నిలిపి, దిగి, నీకు దండం పెట్టినాడంటే పిల్ల వానికి. తొక్కినాడంటే కారియాపట్టికే ఇచ్చుకో. నేను నోరెత్తను."

"శరి. మాటంటే మాటే," అని మామ తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు.

చూశారా, మా అవ్వకి నా మీద ఎంత నమ్మకమో! నాకైతే లేదు. మర్నాడే మిల్లుకి సెలవు పెట్టి, మంచి బ్రేకు రబ్బర్లు కొనడానికి రైలెక్కి విరుదునగర్ పోయాను. ఊరికి ఆ పేరు పెట్టి కొన్నేళ్లయినా మా అవ్వ నోటికి అది ఇంకా విరుదుపట్టే.

విరుదునగర్‌లో ఏ వస్తువు అడిగినా దొరుకుతుంది, అడగని వస్తువు కూడా అంటగట్టి పంపుతారు. సైకిలు కొట్టు యజమాని నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, రబ్బర్లను పెళ్లికూతుళ్లలా ఒక్కొక్కటే తెచ్చి చూపించాడు. మా మాటలు అరవంలో జరిగాయి, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"ఎర్రది చూడండి సార్. సీమ సరుకు. నొక్కారంటే బండి నేలలో పాతుకుపోతుంది."

"మరి నల్లది?"

"నల్లదాని మాటే వేరు. ఎండకి చెక్కుచెదరదు."

"అంటే ఎర్రది ఎండకి చెదురుతుందా?"

"ఎవరన్నారు? అదీ చెదరదు."

"అయితే నల్లది దేనికి?"

"నల్ల సైకిలుకి నల్లది సార్."

"నాదీ నల్ల సైకిలే."

"నల్ల సైకిలు మీద ఎర్ర రబ్బరు ఎంత అందం సార్!"

మొగవాడు ఇలాంటప్పుడు తనకు తెలియదని ఒప్పుకోవాలా? అప్పటికి నేను ఒప్పుకునే రకం కాదు. పత్తి గుమాస్తాని కదా, పత్తిని పరీక్షించే పద్ధతే రబ్బరుకి పెట్టాను. బొటనవేళ్ల మధ్య పట్టి లాగి పోగు పొడవు చూశాను. రబ్బరులో పోగు లేదు. నలిపాను, వాసన చూశాను, చెంపకి రాసుకున్నాను. చివరికి కొరికాను కూడా. యజమాని కొరికినది మాత్రం తీసి పక్కన పెట్టాడు.

ఆ తరవాత బేరం. విరుదునగర్ పత్తి మండీలో ధర నోటితో చెప్పరు. తుండు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. నేను ఎంతో హుందాగా భుజం మీది తుండు తీసి, నా చేతి మీద కప్పి, ఆయన వైపు చాచాను. ఆయన కంగారుగా చూశాడు.

"ఏం సార్, చేతికి దెబ్బ తగిలిందా?"

కొట్టులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. రోషం వచ్చినప్పుడు తెలివి ఎక్కువవుతుందని నాకొక భ్రమ ఉండేది. "మీ రబ్బర్లు మా ఎండకి వెన్నలా కరుగుతాయి. మీరే ఉంచుకోండి" అని, రబ్బరు బిగించే ఇనుప తొడుగులు మాత్రం కొనుక్కుని బయటపడ్డాను. కొరికిన రబ్బరు కూడా కొనిపించాడు లెండి.

తిరుగు రైలు సాత్తూరు దాటేలోపల నాకు జ్ఞానోదయమైంది. మా మిల్లు మరల్లో తోలు చుట్టిన రోలర్లు ఉంటాయి. పత్తి గింజని వదిలి దూది తోలుని పట్టుకుని పోతుంది. గాలికి ఎగిరే దూది పోగునే పట్టి వదలని తోలు, ఇంత లావు చక్రాన్ని వదులుతుందా? ఈ ఆలోచన దేశంలో ఎవరికీ ఇంతవరకు రాలేదని పొంగిపోయాను. ఎందుకు రాలేదో ఆలోచించలేదు.

మిల్లు మేస్త్రీని బతిమాలి, పారెయ్యబోయే పాత తోలు ముక్కలు తెచ్చుకున్నాను. తొడుగుల్లో ఇమిడేలా కోసి బిగించాను. వీధిలోకి తీసి తొక్కి పిడి నొక్కాను. ఆహా! సైకిలు నిలిచింది, నేను మాత్రం ముందుకి జారి హ్యాండిలు మీదికొచ్చాను. ఇంత బాగా ఆగే సైకిలు జిల్లాలో మరొకటి ఉండదు.

కాని అరుపు! తోలు చక్రాన్ని తాకగానే ఒక కేక పుట్టేది. పంది గొంతులో నాదస్వరం ఇరుక్కుంటే అలా ఉంటుందేమో. మొదటి కేకకి మా గేదె పలుపు తెంచుకుంది. రెండో కేకకి ఎదురింటాయన కత్తి పట్టుకుని బయటికొచ్చాడు. మా అవ్వ రెండు చెవులూ మూసుకుని గడపలో నిలబడింది.

"ఏందిరా అది? ఎవుర్ని చంపతాండావు?"

"ఎవుర్నీ లేదవ్వా. బ్రేకు. ఎంత బాగా నిలిచిందో చూసినావా?"

"నిలిచింది శరి. మీ మామ కొత్త ఎద్దులు కొన్నాడు, తెలుసునా? వాకిలి లోపలే కట్టిండాడు. ఈ అరుపు వింటే అవి మీ మామను కుమ్మి, ఊరు దాటి పోతాయి. ఆమీట నీకు పిల్లనెవుడిస్తాడు?"

నిజమే. ముగ్గు ముందు ఆగడం ఒక్కటే చాలదు, నోరు మూసుకుని ఆగాలి.

"ఏం చేసేది అవ్వా?"

"ఇంత సదువుకున్నావు, ఇదీ తెలవదా? తోలు ఎండితే అరుస్తాది. మోట తోలుకు మనమేం పెడతాము?"

"ఆముదం."

"పెట్టు మరి."

ఇక్కడ అవ్వని తప్పు పట్టకండి. మా నల్లరేగడి ఊళ్లలో బావి నీళ్లు తోడే మోటకి తోలు సంచి ఉంటుంది. నెలకొకసారి దానికి ఆముదం పట్టించకపోతే బిరుసెక్కి కిర్రుమంటుంది, పగులుతుంది. మా ఇళ్లలో మాటలు రాని పసివాడికి కూడా తెలిసిన సంగతి, తోలుకి ఆముదం. చెప్పులకి ఆముదం, మోటకి ఆముదం, కాడి పట్టెడలకి ఆముదం. బ్రేకు మాత్రం ఏ పాపం చేసింది? నాకూ ఎంతో సబబుగా తోచింది.

గురువారం సాయంత్రం తోలు ముక్కలు ఊడదీసి ఆముదం గిన్నెలో నానబెట్టాను. అవి దాహంతో ఉన్నట్టు తాగాయి. తెల్లవారాక బిగించాను. మిగిలిన ఆముదం పారబోయడమెందుకని రెండు చక్రాల అంచులకీ గుడ్డతో మెరిసేలా రాశాను.

పరీక్ష చేసుకోలేదా అని అడుగుతారు. ఎందుకు చేసుకోలేదు? సైకిలుని గోడకి ఆనించి, పిడి గట్టిగా నొక్కి చూశాను. చిన్న చప్పుడు లేదు. సైకిలు కూడా అంగుళం కదల్లేదు. ఇంతకంటే మంచి బ్రేకు ఏం కావాలి అనుకున్నాను.

అవ్వ ముందుగానే బండిలో మామ ఊరికి వెళ్లిపోయింది. నేను చలువ చేసిన చొక్కా, జరీ అంచు తుండు వేసుకుని బయలుదేరాను. పత్తి చేల మధ్య బాటంతా చదును, పైగా దుమ్ము. ఎక్కడా బ్రేకుతో పని పడలేదు. దారిపొడుగునా మామకి చెప్పవలసిన మాటలు వల్లించుకుంటూ పోయాను. ఊరి ముందు రాళ్లమిట్ట ఎక్కాను. అక్కడినుంచి బాట వాలుగా దిగి, తిన్నగా మామ వాకిట్లోకే పోతుంది. బండ్లు లోపలికి పోయేటందుకు పెద్ద తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తలుపుల ముందు మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇదిగో, నవ్వవలసిన చోటు దగ్గరికొచ్చింది.

మిట్ట దిగుతూ పిడి నొక్కాను. ఎంత నిశ్శబ్దం! అవ్వ మాట అక్షరాలా నిజమైంది. ఇంకాస్త నొక్కాను. ఇంకా నిశ్శబ్దం. సైకిలు వేగం మాత్రం పెరిగింది. రెండు చేతులా పిసికాను. ఆముదం నా వేళ్ల మీదికి కారింది.

"మామా, జరుగు మామా!"

"ఏందిరా?"

"జరుగూ!"

"దిగరా ముందు!"

"దిగేదానికి కాలేదు మామా!"

"మళ్లీ అదే పొగరా? నేను జరిగేది లేదురా! నువ్వే దిగాల!"

కాలు రాశాను. కుడి చెప్పు పోయింది. ఎడమ కాలు రాశాను. ఆ చెప్పూ పోయింది. మామ మాత్రం మర్యాద కోసం రాయిలా నిలబడ్డాడు. మర్యాద మీద అంత పట్టుదల ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మరుక్షణం ఆయన నా సైకిలు హ్యాండిలు మీద కూర్చుని, నా మొహంలో మొహం పెట్టి, వెనక్కి ప్రయాణం చేస్తున్నాడు.

"హో! హో!" అని అరిచాడు పాపం, ఎద్దులకి అలవాటైన నోరు.

కొత్త ఎద్దులు నెమరు ఆపి మమ్మల్ని సాగనంపాయి. బెదరలేదు. బెదరడానికి చప్పుడేది? ముంగిలి దాటి, మజ్జిగ చిలికే కవ్వం గుంజని తప్పించుకుని, దళారి కోసం పోసి ఉంచిన పత్తి కుప్పలోకి మామ ముందు, నేను వెనక, సైకిలు మా ఇద్దరి మధ్య దూరిపోయాం.

కాసేపు లోకమంతా తెల్లగా ఉంది. తరవాత పత్తిలోంచి మామ తలపాగా లేచింది, దాని కింద మామ లేచాడు. మీసం నిండా దూది, ఒక్కసారిగా తాతగారైపోయాడు. నాకు ఏమీ తోచక, ఎట్టకేలకు దిగాను కదా అని తుండు నడుముకి చుట్టి చేతులు జోడించాను.

"దండం మామా."

ఆయన నోట్లో దూది ఉమ్మేసి గర్జించాడు.

"తొక్కినాడు! అమ్మా, చూసినావా? నీ మనవడు ముగ్గు తొక్కినాడు! మాటంటే మాటే. పిల్ల కారియాపట్టికే!"

అవ్వ అరుగు మీదే కూలబడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దెబ్బలకి కాదు. ఒక తోలు ముక్క కోసం గురువమ్మని పోగొట్టుకున్నానని. రబ్బరు కొనడానికి పోయి బుద్ధి చూపించుకుని వచ్చిన ఆ గుమాస్తాని ఆ నిమిషంలో నేనే కొట్టేవాణ్ణి.

అప్పుడు పెరటి వైపునుంచి గురువమ్మ వచ్చింది. చేతిలో కొబ్బరి చిప్ప. చిప్ప నిండా ముగ్గుపిండి.

"ఏ ముగ్గు నాయనా?" అంది నెమ్మదిగా.

"ఏ ముగ్గేంది? వాకిట్లో ముగ్గు!"

"ఈపొద్దు నేనింకా ముగ్గెయ్యలేదే."

అందరం ఒకేసారి వాకిలి వైపు తిరిగాం. పేడనీళ్లు చల్లి నున్నగా ఊడ్చిన నేల. దాని మీద నా చక్రం గీసిన ఒక గీత. ముగ్గు లేదు. బొట్టంత పిండి కూడా లేదు. మామ తన మర్యాద తప్ప ఇంకేదీ చూసుకోలేదు, నేను మామని తప్ప ఇంకేదీ చూడలేదు.

"ఇంత పొద్దెక్కినా ముగ్గెయ్యలేదా? ఎందుకెయ్యలేదు?"

"బావ ఆగడని నాకు తెలుసు నాయనా. ఏసి చెరిపించుకునేది ఎందుకని."

మామ నోరు తెరిచాడు. మీసం మీది దూది పింజ ఊగింది.

"ఆగడని తెలిసీ..."

"తెలిసే," అంది గురువమ్మ.

ఇన్నాళ్లూ నేను ఆ పిల్లని కోరుకుంటున్నాననుకున్నాను. నేను ఏ రకం మనిషినో బాగా తెలిసి, ఆ పిల్లే నన్ను కోరుకుంది.

అవ్వ అరుగు మీదినుంచి లేచింది. "ముగ్గు తొక్కితే ఇయ్యనన్నావు. తొక్కలేదు. దిగితే ఇస్తానన్నావు. దిగినాడు, దండమూ పెట్టినాడు. మాటంటే మాటే గదరా రామసామీ?"

మామ కాసేపు ఎద్దుల వైపు చూశాడు, కాసేపు పత్తి వైపు చూశాడు. తరవాత భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఆయన నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది, ఎందుకంటే అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"అది కానీ, ఆ బ్రేకుకు ఆముదం పెట్టమని నీకు చెప్పిందెవుర్రా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ కొత్త ఎద్దుల పళ్లు ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తోంది. ఇంతలో గురువమ్మ వంగి, పత్తిలోంచి లాగి పడేసిన నా సైకిలు చుట్టూ చుక్కలు పెట్టి ముగ్గు వేసేసింది.

ఆ వేసవిలోనే మా పెళ్లయింది. మామ పనిగట్టుకుని విరుదునగర్ పోయి, తాంబూలం పళ్లెంలో పెట్టి అల్లుడికి బ్రేకు రబ్బర్లు ఇచ్చాడు. ముందు చక్రానికి ఎర్రవి, వెనక చక్రానికి నల్లవి. ఆ కొట్టు యజమాని మామని కూడా వదల్లేదని అర్థమైంది. రెండు రకాలూ బాగానే ఆపుతున్నాయి.

కాబట్టి ఇంటిల్లిపాదీ వినేలా, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఆపవలసిన దేనికీ నా జన్మలో ఆముదం రాయను. గోడకి ఆనించిన సైకిలుని నొక్కి చూసి, కదలలేదని మురిసిపోను. రబ్బరు కొరకను. పెద్దవాళ్లు ఎదురైతే అల్లంత దూరాననే దిగి, సైకిలుని నడిపించుకుంటూ పోతాను.

ఈ ప్రమాణం నేను మొన్న మా వాకిట్లో గంభీరంగా చేస్తుంటే గురువమ్మ చిప్ప పట్టుకుని గడపలో నిలబడి అంతా విన్నది. "శరి బావా, ముందు నువ్వు సైకిలు తీసుకుని మిల్లుకు పో" అంది. నేను వీధి మలుపు తిరిగేదాకా ఆమె ఇప్పటికీ ముగ్గు వెయ్యదు.